చేపు

ఆదోని ఆస్పత్రి వార్డులో పద్నాలుగు మంచాలు.
ట్యూబులైటొకటి సన్నగా గీపెడతాంటే
వినపడింది నాకొక్కదానికే.
పక్కమంచం బాలింత గాజులు,
ఎవరిదో క్యారియర్ మూత,
ఫినాయిలు వాసన, వెల్లుల్లి కారం వాసన,
నా రవిక లోపలి కుట్టు,
అన్నీ ఒకేసారి నన్ను పేరు పెట్టి పిలుస్తాండాయి.
బిడ్డ ఏడుపు ఆ వరసలో కడగొట్టుది.

నోరు ఆనిచ్చినప్పుడల్లా
చర్మం కింద గండుచీమలు బారులు తీరేవి.
పండ్లు బిగబట్టి లెక్కపెట్టి
పదిహేడు కాడ
బిడ్డను లాగేసేదాన్ని.

"కన్నతల్లికి రోతేంది?" అనింది మా పెద్దమ్మ.
"చదువుకున్న తిక్క" అనింది ఇంకొకామె.
చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చి
జనాన్ని చూసి వెనక్కి పాయ,
పాల మాదిరే.

రెండేండ్ల కిందట కర్నూలులో ఒక డాక్టరమ్మ
నా చిన్ననాటి సంగతులన్నీ విని
చీటీ మీద ఆటిజం అని రాసింది.
పెట్టెలో పెండ్లిచీర మడతలో దాచినా దాన్ని.
ఇంటికొచ్చిన మూడోనాడు తీసి
మా అత్త ఈరమ్మ చేతిలో పెట్టినా.
చదువు రాదు ఆమెకు. అటు తిప్పి ఇటు తిప్పి
"ఏం రాసినారు?" అనింది.
"నాకు అన్నీ ఎక్కువ వినపడతాయని,
ఎక్కువ తగులుతాయని."
రోంతసేపు గమ్మునుండి
"మన నల్లెనుము మాదిరి" అనింది.

ముప్పై ఏండ్లు పాలు పిండిన చేయి అది.
కొత్తమనిషి కనపడితే ఎగజేపే ఎనుమును
సిగ్గులేదా అని ఎన్నడూ అడగలా.
పిండేటప్పుడు ఎర్రచీర కట్టదు,
చెంబు చప్పుడు కానీదు,
మామ బీడీ ముట్టిస్తే
దొడ్డి అవతలికి తరుముతుంది.
ఎనుముతో పోల్చిందని నాకు కోపం రాలేదు.
నా గురించి అంత సరిగ్గా
అంతవరకూ ఎవరూ చెప్పిండలేదు.

ఆ మాపే గాజులు తీసి గూట్లో పెట్టింది,
మొగుడు బతికుండంగానే,
వీధి ఏమన్నా అనుకోనీ అని.
చూసేకి వచ్చినోళ్ళను అరుగు మీదనే కూకోబెట్టి
కాఫీ పోసి పంపించింది.
మద్దిలేటి నా రవికలన్నీ తిరగేసి
కుట్లు బయటికి పెట్టి తొడుక్కోమన్నాడు.
సుద్దముక్కతో గోడ మీద గీతలు గీసినాడు:
బిడ్డ ఎప్పుడు తాగింది, నేనెప్పుడు తిన్నది.
నా ఆకలి నాకు తెలీదు,
గీతల్ని చూసి తింటా.

మాబున్నీ సిస్టరు వచ్చింది.
"తాకుతాండా" అని చెప్పినాకే తాకింది,
అరచేయి గట్టిగా అదిమి.
"మెత్తగా ముట్టుకుంటే చీమలు పారతాయి గదా" అనింది.
ఎట్ల తెలుసో నేను అడగలా.
ఆమె గూడా కండ్లల్లోకి చూడకుండానే మాట్లాడుతుంది.

అరికాళ్ళు నాపరాయికి ఆనిచ్చి కూచున్నా.
వీధి చివర జిన్నింగు మిల్లు
ఎక్కువా తక్కువా లేని ఒకే మోత,
నాకు నచ్చిన జోల.
ముందు బావి గిలక జారినట్టు
కారణం లేని దిగులు ఒక్క నిమిషం.
"అది పాలతో వచ్చే దిగులు, పాలతోనే పోతుంది"
అని సిస్టరు చెప్పిందే, అది.
దాని వెనకనే చేపు.

పదిహేడు దాటినా.
నలభై దాటినా.
ఆనక లెక్క తప్పినా.

అన్ని రోజులూ ఇట్ల కాదు.
చీమలు తిరిగొచ్చే రాత్రి
అత్త ఉగ్గిన్నె తీసుకుని
బిడ్డను పక్కింట్లోకి ఎత్తుకపోతుంది.
పిండిపెట్టిన పాలా, డబ్బా పాలా అని అడగదు.
"గోడ తట్టు తిరిగి పండుకో" అంటుంది, అంతే.
దొడ్లో నల్లెనుము నెమరేస్తాంటుంది చీకట్లో.
అది గూడా దూడప్పుడు
గొట్టంతో తాగి పెరిగిందేనంట.