వరుస

ఖార్కివ్‌లో కరెంటు వచ్చేసరికి రాత్రి రెండు.
యారినా పట్టిక తెరుస్తుంది:
తేదీ, అక్షాంశం, ఏం కూలింది, ఎవరు చూశారు.
ప్రతి వరుసకీ ఇద్దరు సాక్షులుండాలి.
ఆ నియమం తను పెట్టిందే.

నాలుగు వేల పన్నెండో వరుస.
సాల్తివ్కా, రొట్టెల కొట్టు, మార్చి, పొద్దున ఆరూ పది.
ఫోటో లేదు. ఉపగ్రహానికి ఆ పూట మబ్బు అడ్డం.
వరుసలో తన ముందు నిలబడ్డావిడ,
తనకి ఏ వరుసా కానావిడ,
ఒక చేతి తొడుగు పళ్ళతో పట్టుకుని
చిల్లర లెక్కపెట్టుకుంటోంది.
దీన్ని రాయడానికి గడి లేదు.
మొదటి సాక్షి: యారినా.
నిర్ధారణ: కాలేదు.
టీ పెట్టుకోడానికి లేచింది, పెట్టుకోలేదు.

ఫైలుకి తాళం లేదు, ఎవరైనా తీసుకోవచ్చు.
సైదాలో హియామ్ తీసుకుంది.
తేదీకి తేదీ జతచేసి
లెబనాన్‌లో రొట్టె కట్ట ధర కుట్టుకుంటూ పోయింది.
వాళ్ళ వీధి బేకరీ షట్టరు
సగానికి దించిన రోజు కూడా అందులో దొరికింది.
నెల తర్వాత అడిగింది:
"ఆ వరుసలో రెండో సాక్షి గడి ఖాళీ. పొరపాటా?"

మూడు రోజులు కరెంటు లేదు.
నాలుగో రాత్రి యారినా జవాబు:

"పొరపాటు కాదు.
ఆవిడ పేరు నాకు తెలీదు."