వంగిన పన్ను

మహేంద్రతనయకు ఈ పక్క, పర్లాకిమిడిలో
బిభూతి పాత్రో కొట్టు.
ఆ పక్క పాతపట్నంలో తవిటినాయుడి కొట్టు.
నడుమ వంతెన, వంతెన మీద నా సైకిలు,
హ్యాండిలుకి వేలాడే సంచిలో
రెండు కొటేషన్లు.

నాయుడు ఇంటెల్ అంటాడు.
"పాత పేరు బావూ, కళ్ళు మూసుకుని కొనీ."
కళ్ళు మూసుకుని కొంటే
కొమ్ము కూడా పుచ్చుదే వస్తుంది.
అనలేదు. టీ ఇప్పించాడు, తాగి వచ్చేశాను.

పాత్రో ఏఎమ్‌డీ అంటాడు.
ఒడియాలో మొదలెట్టి తెలుగులో తేలుతాడు.
"అదే డబ్బుకి రెండు కోర్లు ఎక్కువ మావయ్యా."
కోరంటే ఏటని అడగలేదు.
మా ఇంట్లో ఒక్క గదిలో నలుగురం
తలో పనీ చేసుకుంటాం,
అలాటిదేదో అయ్యుంటుంది.

స్నిగ్ధ నోటుబుక్కులో గళ్ళు గీసింది.
క్లాకు, క్యాషు, వాట్లు.
గుణుపురం కాలేజీలో డ్రాయింగు చదువు దానిది.
ల్యాబులో పళ్ళచక్రం ఒకటి గీసి తిప్పమంటే
అది తిరిగే లోపల
బయటికెళ్ళి బఠాణీలు తిని రావచ్చట.
"ఏది మంచిదే?" అంటే
"దేనికన్నదాన్నిబట్టి నాన్నా" అంటుంది.
మా నాన్న ఆకురాయి గురించి ఈ మాటే అనేవాడు,
కొంచెం కోపంగా.

ముప్పై రెండు వేలున్నాయి.
భువనేశ్వరం మేళాలో
నలభై ఒక్క కొంగలు, పదకొండు రొయ్యలు,
తోక విరిగి సగం ధరకి పోయిన నెమలి ఒకటి,
అన్నీ దున్నకొమ్మువే.
నాయుడి చీటీ ముప్పై నాలుగు, పాత్రోది ముప్పై మూడున్నర.
రాష్ట్రాలు రెండు, పన్ను ఒకటే.

నిన్న సాయంత్రం పాత్రో కొట్లో ఉండగా కరెంటు పోయింది.
ఎవరిదో మిషను విప్పుతున్న గుంటడు
చీకట్లో ఫ్యాను లాగాడు.
జిగురుకంటుకుని బిళ్ళ కూడా ఊడొచ్చి
నేల మీద పడింది.
మొబైలు లైటు వేసి తిరగేస్తే
వెనక వెయ్యికి పైచిలుకు సూదులు,
బంగారు నీరు పట్టించినట్టు.
చివరి వరసలో తొమ్మిది ఒరిగిపోయాయి.
"దరమారు కాటిబి" అన్నాడు పాత్రో.
జీతంలో కోత అనే మాటకి
మా ఊళ్ళో రెండు భాషలూ అక్కర్లేదు,
గుంటడి మొహం చాలు.

నాకది దువ్వెన.

"ఇలా తే" అన్నాను.
జేబులో సన్నరేకు ఎప్పుడూ ఉంటుంది.
కొమ్ము దువ్వెనలో పన్ను వంగితే
దీపం సెగ చూపించి, ఊపిరి బిగబట్టి లేపాలి.
సెగ వద్దన్నాడు గుంటడు.
ఊపిరి సంగతి ఎవరూ చెప్పలేదు, బిగబట్టాను.
ఒకటి. రెండు.
ఆరోది మొండికేసింది.
రెండు మార్లు లాగితే విరిగేది కొమ్మైనా ఇదైనా,
దాన్నొదిలి తక్కినవి లేపి మళ్ళీ దాని దగ్గరికొచ్చాను.
కరెంటు వచ్చింది కూడా ఎప్పుడో చూసుకోలేదు.
తొమ్మిదీ నిలబడ్డాక
బిళ్ళ తన బరువుకి తనే గూట్లోకి దిగింది.

ఆ మిషనువాడికి కొత్తది వేసి
ఈ బిళ్ళ నాకిస్తానన్నాడు పాత్రో.
నాలుగు వేలు తగ్గించాడు, వారంటీ రాయనన్నాడు.
గుంటడి జీతం మాటేమిటన్నాను.
కాసేపు బల్ల తుడిచి, సరేలెమ్మన్నాడు.

స్నిగ్ధ పట్టిక చూసింది, నన్ను చూసింది.
"ఇంటెల్‌కైతే సూదులు బిళ్ళకుండవు నాన్నా, బోర్డుకుంటాయి."
"అయితే వంగేది బోర్డన్నమాట" అన్నాను.
నవ్వలేదు. గళ్ళల్లో ఒకటి కొట్టేసింది.

నాయుడికి ఇంకా చెప్పలేదు.
వంతెన మీద ఎదురు పడతాడు ఎలాగూ.

రేకుల కింద గదిలో ఇప్పుడు రాత్రి పదకొండు.
అది తెర మీద కొంగని గీసి తిప్పుతోంది.
మెడ ఒంపు తప్పు,
రేపు చెబుతాను.
ఫ్యాను చప్పుడు కొంచెం పెరిగింది.
పెట్టె మీద చెయ్యి వేసి చూశాను.
కొమ్ము మెత్తబడబోయే ముందు
అరచేతికి తెలిసే వెచ్చన.