రెప్పకు నూనె

నేను ఏడుస్తలేను.
పొద్దుగాల్నుంచి ముగ్గురడిగిన్రు,
చిల్లర తిరిగిచ్చుకుంట కిరాణా సత్తయ్య గూడ అడిగిండు.
ఏడుస్తలేనయ్యా, కండ్లు ఎండిపోయినయ్ అంటే
చెంపల మీది తడి జూసి నవ్విండు.

నాగ్గూడ నవ్వొచ్చింది,
నల్లగొండ ఆస్పత్రిల డాక్టరమ్మ ఆ మాట అన్నప్పుడు.
సఫియా అని, నా కోడలి ఈడుది.
కింది రెప్పకు సన్నటి కాయితం తునక ఇరికిచ్చి
ఐదు నిమిషాలు కండ్లు మూసుకోమన్నది.
తీసి చూస్తే నాలుగు గీతలే తడిసినయ్.
బోరు మన్ను చేతిల బట్టి చూసినోని లెక్క
తలకాయ ఊపింది.

"కారే నీళ్ళు వేరు, నిలిచే నీళ్ళు వేరు, అండాలమ్మా."
కన్ను మండితే అవి ఉరికొస్తయట,
బీటలువారిన చెల్క మీద గాలివాన లెక్క
ఇంకకుండనే పోతయట.
నిలవాల్నంటే పైన నూనె పొర ఉండాల్నట.
అది రెప్ప అంచుల పుడతదట,
నా రెప్పలల్ల గడ్డకట్టిందట,
చలికాలం కొబ్బరినూనె తీరు.

నూనె సంగతి నాకు చెప్తున్నవా బిడ్డా,
పుట్టపాకల పుట్టినదాన్ని.
ఆముదపు కాయల బూడిద నీళ్ళల్ల నువ్వుల నూనె గలిపి
దినాం నూలు పిసికి, దినాం ఎండబెట్టినదాన్ని.
నూనె తాగని పోగు రంగు పట్టదు.
గంత తెలిసి
కండ్లను మాత్రం ఉత్త పోగుల్లెక్క వాడుకున్న
ముప్ఫై ఆరేండ్లు.

చిటికి కట్టేటప్పుడు రెప్ప గొట్టను.
గొడితే గుర్తు తప్పుతది,
ఏనుగు తొండం వంకరొస్తది.
మా అత్త నేర్పిన పద్ధతి:
ఊపిరి బిగబట్టు, రెప్ప నిలబెట్టు.
ఆమె గూడ ఆఖరి రోజుల్ల
కొంగుతోని కండ్లు ఒత్తుకుంటనే ఉండె.
ఏం దుఃఖమో అనుకున్నం.
అడగలే.

ఇప్పుడు మాపటికి
పాత తేలియా రుమాలు గోరువెచ్చటి నీళ్ళల్ల ముంచి
రెప్పల మీద పరుచుకుంట.
ఎన్ని ఉతుకులు ఉతికినా దాని నూనె వాసన పోలే.
పది నిమిషాలు. చల్లారితే మళ్ల ముంచాలె.
తర్వాత ఏలితోని అంచు దిక్కు మెల్లగ రాయాలె.
ఫ్యాను మొహం మీదికి రాకుండ తిప్పిన,
మా ఆయన గులుగుతుండు.
మందు సీసా మూత తీసిన నాడే
దాని మెడకు పోగు గట్టిన, రోజుకో ముడి.
ముప్ఫై ముడులకు పారెయ్యాల్నట, సగం మిగిలినా సరే.
గదొక్కటే పానం ఒప్పుతలేదు.

చిటికికో రెప్పపాటు,
రెండు రెప్పలు నిండ తాకేటట్టు.
నిన్న అట్లనే కట్టిన.
పొద్దుగూకినంక చూస్తే
గడియారం ముల్లు కాడ
ఒక ముడి పక్కకు జరిగి ఉంది.
ఇప్పి కట్టాల్నా అని శానసేపు చూసిన,
రెప్ప గొట్టుకుంట.
ఉండనీ తియ్.