కనుమ దాకానే

సైన్‌షాండ్ దాటాక, గోబీలో
పట్టా విరిగిన చోట
తెల్లవారకముందే దిగాం. గాలి నిండా సూదులు.

ముసలి లువ్సాన్ సంచి మూతి విప్పాడు.
అల్యూమినియం పొడి, ఇనుప తుప్పు,
ఏది ఏదో విడదీయలేనంతగా కలిసి ఉన్నాయి.
"వేలు పెట్టి చూడు" అన్నాడు.
పెట్టాను.
చల్లగా ఉంది. ఏ ఉద్దేశమూ లేనట్టుంది.

గిడ్డంగిలో మూడేళ్ళున్నాయట, ఒకే సంచిలో,
ఒళ్ళూ ఒళ్ళూ రాసుకుంటూ.
తుప్పులోని ఆక్సిజన్ మీద అల్యూమినియానికి ఎంత ఆశో
నేను చదువుకున్నాను.
దిగితే ఎంత లోతు, ఎంత వేడి,
పరీక్షలో లెక్క కట్టి మార్కులు కూడా తెచ్చుకున్నాను.
మరి మూడేళ్ళూ ఎందుకు దిగలేదు?

"ఉత్తేజన శక్తి" అన్నాన్నేను.
"ఎంత పొడుగు పేరు!" అన్నాడు లువ్సాన్.
గడ్డం ఎత్తి ఉత్తరాన కనుమ చూపించాడు.
దాని నెత్తిన ఓవో,
బాటసారుల రాళ్ళకుప్ప, చిరిగిన నీలి పట్టుగుడ్డలు.
"అవతల పచ్చిక ఉందని గొర్రెలకి తెలుసు.
తెలిసినంత మాత్రాన కొండ వంగుతుందా?
కనుమ దాకానే తోలాలి.
ఆ తర్వాత వాటిని ఆపడమే కష్టం."

రెండు పట్టాల మధ్య రెండు వేళ్ళ సందు.
అచ్చు బిగించి ఇసుక మెత్తింది జమ్యాన్.
మంట పట్టి పట్టాల కొసలు ఎర్రబెట్టింది చూలూన్.
అన్నదమ్ములు. ఒకే గుడారం, ఒకే కుండ,
ఏడేళ్ళుగా మాటల్లేవు.
ఒక గుర్రం గురించి, అని మాత్రం చెప్పారు నాకు.

లువ్సాన్ ముందు అగ్గిపుల్ల గీసి పొడిలో గుచ్చాడు.
నాకు చూపించడానికే.
పుల్ల నల్లబడి తల వాల్చేసింది.
అప్పుడు తీశాడు మెగ్నీషియం పుల్ల.
కళ్ళకి అడ్డం పెట్టుకున్న చేతుల్లోంచి కూడా
కనబడింది ఆ తెలుపు.

ఒక్క గుక్క సేపు ఏమీ లేదు.
ఇటూ కాదు, అటూ కాదు.
పాత బంధం సగం తెగి, కొత్తది సగం ముడిపడి
రేణువు కనుమ మీద నిలబడిన క్షణం.

తర్వాత మా చేతుల్లో ఏమీ లేదు.
మేం అప్పిచ్చింది మొదటి రేణువుకే.
అది పక్కదానికిచ్చింది, వడ్డీతో.
మూకుడు గర్జించింది.
మూడేళ్ళ మౌనం అర నిమిషంలో కరిగి
తెల్లటి ఇనుమై సందులోకి జారింది.

చల్లారాక సానబడుతుంటే
చూలూన్ ఉప్పు టీ గిన్నె అన్న ముందుకి తోశాడు.
"పాలు ఎక్కువయ్యాయేమో" అన్నాడు, పట్టాతో అన్నట్టు.
జమ్యాన్ పలకలేదు.
తాగాడు.
ఎన్ని డిగ్రీలు పెరిగిందో కొలిచేది
నా పెట్టెలో ఏదీ లేదు.

బొగ్గు బండి వెళ్ళింది.
అతుకు మీద చక్రం చప్పుడు తేడా రాలేదు.

తిరిగి వస్తూ కనుమ మీద జీపు ఆపారు.
ఓవో చుట్టూ మూడుసార్లు తిరిగి
తలా ఒక రాయి వేశాం.
జమ్యాన్ రెండు వేశాడు.