నూటపది కాడ

తారు డ్రమ్ము కాదు, నూనె డ్రమ్ము.
తారుదైతే మాంసానికి రోడ్డు వాసనొస్తదని
మల్లేపల్లిల మూడు దుకాణాలు తిరిగి తెచ్చిండు
మా అన్న జంగయ్య.
అడుగున బొగ్గుల తట్ట, నడుమ జాలి,
పైన మూత, మూతకు పాత సైకిల్ పిడి.

కట్టెకు కొదువ లేదు.
నాలుగెకరాల బత్తాయి తోట
ఆరు బోర్లు ఏసినా దూప తీరక నిలబడే ఎండింది.
కోసినోళ్ళు బట్టీలకు తోలుకపోంగ
ఇంటెనుక మిగిలిన కుప్ప, గదే.
బత్తాయి పొగ తియ్యగుంటది.
తోట బతికున్నప్పుడు
ఈ సంగతి మాకెవ్వరికి తెల్వదు.

సాగర్ రోడ్డు మీద
కోళ్ళకు పొగవెట్టి అమ్ముదామని వాని ఆలోచన.
ఆరు గంటలు. మంట కాదు, సెగ.
నూటపది డిగ్రీలు, అటిటు కావద్దు.
"మనిషి కూసోని సూడాలె," అనె.
"మనిషికి నిద్రొస్తది," అంటి.

నేను స్టార్టర్లు బాగుచేసేదాన్ని.
గుర్రంపోడు అడ్డరోడ్డు మీద, టైర్ల దుకాణం పక్కన.
బోర్డు లేదు, అడిగితే చెప్తరు.
రైతు మొఖం చూసి
మోటరు ఎంత కాలిందో మీటరు పెట్టకముందే చెప్త.

బిస్కట్ డబ్బాల సర్క్యూట్ పెట్టిన.
పాత కంప్యూటర్ల ఫ్యాను పీకి
బొగ్గుల కింది గొట్టానికి బిగించిన.
సెగను కొలిచే తీగ, నూట ఎనభై రూపాయలు.
స్కూటర్ బ్యాటరీ.
ఇగ రిలే ఒక్కటి తక్కువైతే
అన్నోళ్ళ ఆటో స్టార్టర్ విప్పిన.
చెలక గట్టు మీద, రేకు డబ్బాల, బల్లి గుడ్ల నడుమ
ఎండిన బోరుకు కావలి కాస్తున్నది.
తుడిచి పన్నెండు వోల్టులిస్తే
టక్కుమన్నది.
దానికేం కాలె. నీళ్ళే లేవు.

మొదటి రోజు కోడి బొగ్గయింది.
తక్కువుంటే తిరుగు, ఎక్కువైతే ఆగు,
గంతే చెప్పిన ఫ్యానుకు.
నూటపది కాడ ఫ్యాను ఆగింది.
సెగ ఆగలె.
నూట ముప్పై, నూట యాభై,
బ్రేకేసినంక కూడ లారీ ఉరికినట్టు.

రెండు రాత్రులు దాని మీదనే కూసున్న.
బస్సుల వచ్చే మనిషికి ఫోన్ చేసి ఏమడుగుతం?
ఏడిదాంక వచ్చినవ్.
ఎక్కి ఎంతసేపాయె.
బస్సు ఉరుకుతుందా, నత్త తీరు వస్తుందా.
మూడూ అడిగితేనే గద
ఎసరు ఎప్పుడు పెట్టాలో తెలిసేది.
ఆ మూడింటిని లెక్కలుగ రాసి చిప్పులకెక్కించిన:
ఇప్పటిది, అయిపోయినది, రాబోయేది.
అయిపోయినదానికి బరువు ఎక్కువిస్తే
సెగ ఊగుతనే ఉంటది, కుదురుకోదు.
తగ్గించిన.
నూట తొమ్మిది. నూట పదకొండు.
నూటపది.

ఆ రాత్రి అన్న డ్రమ్ము పక్కనే మంచమేసుకున్నడు.
నిద్రల ఎన్నిసార్లు కొట్టుకున్నదో రిలే, కదలలె.
రెండయింది కావచ్చు,
ఒకప్పుడు మూడు ఫేజుల కరెంటు వచ్చే యాళ్ళ,
టక్.
లేచిండు. టార్చి తీసుకున్నడు. కాళ్ళకు చెప్పుల్లేవు.
"కరెంటొచ్చింది, పాదులకు నీళ్ళు మళ్ళియ్యాలె"
అనుకుంట చెలక దిక్కు ఉరికిండు.
నేను పిలవలె.
టార్చి వెలుగు మోదుగుల కాడ ఆగింది.
చానసేపు ఆగింది.
మల్ల చిన్నగ ఎనక్కి మర్లింది.

వచ్చి మంచం మీద కూసోని
అరికాలి ముల్లు తీసుకుంట అడిగిండు:
"ఎంతుంది?"
"నూటపది."

తెల్లారి చెప్పిన:
సప్పుడు చెయ్యంది ఒకటుంటది, ట్రాన్సిస్టరు,
ఇరవై రూపాయలు, నా డబ్బాలనే ఉన్నది, మారుస్త.
వాడు కోడి తొడ విరిచి
ఎముక కాడ ఉడికిందా లేదా చూసి
సగం నాకిచ్చిండు.
నమిలిండు, ఇంకింత నమిలిండు.
"ఉండనియ్," అన్నడు.
"ఉప్పు జర తక్కువైంది."