తొమ్మిదో గడి

రేంజి ఆపీసు ముందర, తుమ్మచెట్టు నీడన
ఉసేనత్త చెప్తాంది, నేను రాస్తాండా.
పేరు: కురువ ఉసేనమ్మ.
ఊరు: రోళ్లపాడు దాపున, గడ్డిబీటి కంచె పక్క.
సర్వే నంబరు ఆమెకు నోటికొచ్చు,
మనవడి వయసు మాత్రం ఎంచుకోవాల.

నష్టం చేసిన జంతువు?
"జింక. మంద. ఎన్నో నువ్వే జెప్పాల నాయనా,
ఎంచేదానికే గదా నీకు కూలి."
నిజమే. దినకూలి పిట్టల కాపరిని నేను.
కూలి పడి ఐదు నెలలాయ.
అది రాసేదానికి ఈ కాగితం కాదు.

నష్టపోయిన పైరు: పప్పుశనగ, రెండెకరాలు.
మూడాకులేసిన రాత్రే దిగినాయంట.
అత్త డబ్బా వాయించిందంట.
"ఒకటి తలెత్తి జూసింది, కొమ్ములు మెలిబెట్టిన తాడు మాదిరి.
బాగుంది సూసేదానికి.
మళ్లా తలొంచి తినింది."

ఫోటో జతచేయవలెను, జంతువు చేనులో ఉండగా.
అత్త ఫోన్లో మూడుండాయి.
ఒకటి ఒట్టి నలుపు. ఒకటి ఆమె బొటనేలు.
మూడోదాంట్లో రెండు మెరుపు చుక్కలు,
కండ్లంట. సారు నమ్మాల.

ఎనిమిది గడులు నిండినాయి.
పెన్ను మూత పెడ్తాంటే చెయ్యి పట్టుకునింది.
"అది రాయవా?"
ఏది?

"నేను కొత్తగా కాపరానికొచ్చిన ఏడు
కొర్రచేన్లో గుంటక తోల్తా మామ ఎద్దుల్ని నిలేసినాడు.
సాల్లో ఒకే గుడ్డు. గూడు ల్యాదు, పుల్ల ల్యాదు, నేలమీదే.
బట్టమేకపిట్ట ఎడంగా నిలబడి
మెడ సాపి మమ్మల్నే జూస్తాంది, అప్పిచ్చినోని మాదిరి.
అటు నాలుగు సాళ్లు, ఇటు నాలుగు సాళ్లు వదిలేసినాం.
కలుపు మోకాలెత్తు లేసింది. ఊరంతా నగినారు.
నెల దినాలు కుక్కను కట్టేసి గంజి పోసినా.
కంచె ల్యాదు, బోర్డు ల్యాదు, ఏ సారూ రాల్యా.
పిల్ల తల్లెంబడి నడిచిపోయిన పొద్దు
మామ బిడ్డ పెండ్లి జేసినోని మాదిరి
గట్టుమీద కూలబడినాడు."

ఆ తర్వాత కంచె వచ్చింది.
మా గొర్రెలు బయటికి, జింకలు లోపలికి.
రాత్రయితే జింకలూ బయటికే.
పిట్టకు మాత్రం నా రిజిస్టర్లో
తేదీకొక సున్న.
గుండ్రంగా రాస్తా. గుడ్డు మాదిరి వస్తాయి.

కాగితం తిప్పినా. వెనక తెల్లగా ఉంది.
స్కేలు ల్యాదు, చేత్తోనే గీసినా గడి, వంకరగా.
పైన "కాపాడినది" అని పెట్టి ఆగినా.
"ఎనిమిది సాళ్లు," అంటాంది అత్త,
"ఎక్కువ రాయొద్దు.
సాక్షి సంతకం నువ్వే జెయ్యి.
ఉజ్జోగం పోతాదంటే మామ పేరు పెట్టు,
సచ్చినోన్ని తీసేసేటోడు యాడుండాడు."