మణికట్టు ఊపితే

జహ్రాలో దివానియా.
చెప్పులన్నీ బయట, మాటలన్నీ లోపల.
నా పని గుమ్మం పక్కన నిలబడడం,
ఎడమ చేత గహ్వా దల్లా, కుడి చేత ఫింజాన్లు.
ఖాళీ కప్పు చాస్తే పోయాల.
మణికట్టు కొంచెం ఊపితే చాలని అర్థం.
పద్నాలుగేండ్లుగా ఈ లెక్క నేను తప్పలా.

ఈ రాత్రి వాదన అభివృద్ధి మీద.
తలాల్ మోకాళ్ల మీదికి లేచి అంటాడు:
"నీళ్లకవతల ఒక్కడు తల ఊపితే
తెల్లారేసరికి వంతెన.
మన దగ్గర ఒకడు పునాది తవ్వితే
పదిమంది ప్రశ్నలేసి పూడుస్తారు."
అబూ మిషారి జపమాల ఆపి,
"అడిగే నోరు లేని చోట
ఆ వంతెన ఎవరికోసమో నీకు చెప్తారా?" అన్నాడు.
అరబ్బీ రానట్టు పోస్తా ఉండా నేను.

నాకూ ఒక టవర్ తెలుసు. ముప్పైరెండు అంతస్తులు.
అనుకున్న రోజుకే రిబ్బన్ కత్తిరించినారు.
మా మూడు నెలల జీతం మాత్రం
ఆ కాంక్రీటులో కలిసిపోయింది.
నాలుగువందల మందిమి.
అద్దాలు బోలెడు బిగించినాం,
పోయి అడగడానికి ఒక కిటికీ ల్యా.

చిట్వేలి పక్క మా పల్లెలో
రోడ్డుకు మూడు ఎలక్షన్లు పట్టింది.
మొదటిసారి టెంకాయ, రెండోసారి కంకర,
మూడోసారికి కంకర మాయం.
ఓటుకు ఐదొందలు, బిర్యానీ పొట్లం.
తిన్నాం, అబద్ధమెందుకు.
అయినా గ్రామసభలో మా చిన్నమ్మ ఓబుళమ్మ
కొంగు నడుముకు దోపి లేచింది:
"కంకర యాడబోయె సర్పంచీ,
కాళ్లొచ్చి నీ మిద్దెకు నడిచిపోయిందా?"
అందరూ నవ్వినారు. సర్పంచీ నవ్వాల్సొచ్చింది.
రోడ్డు సగమే పడింది, మలుపు కాడికి.
ఆ సగం మీద ఆమె నడిచే నడక
ఈడ ఎనిమిది వరుసల దారి పక్కన
నేనెప్పుడూ నడవలా.

ఉన్నట్టుండి అబూ మిషారి తిరిగి
"నువ్వేమంటావ్ దస్తగీర్?" అన్నాడు.
గదంతా నా దిక్కు చూసింది.
నాలుక మీదికి చిన్నమ్మ వచ్చింది,
కంకరొచ్చింది, అద్దాలొచ్చినాయి.
జేబులో అఖామా కదిలింది.
"గహ్వా ఇంకొంచెం పోయమంటారా?" అన్నా.
నవ్వినారు. వరసగా కప్పులు ఊపినారు.

అర్ధరాత్రి ఇరవైమూడు ఫింజాన్లు కడుగుతా
నా జవాబు కొళాయికి చెప్తా ఉండా, తెలుగులో.
ఊర్లో ఓటర్ల లిస్టులో నా పేరు కొట్టేసినారంట.
"వాడు బతికే ఉండాడు గదా" అని
చిన్నమ్మ మళ్లీ లేచిందంట.

ఒక కప్పు అడుగున గహ్వా మిగిలింది.
చాలు అనకుండా లేచిపోయినోడెవరో.